గేమ్ డిస్క్ కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా? ముందు తాళం ఎవరి దగ్గరుందో చూడండి

కొత్తగా పీఎస్5 కొనబోయేవాళ్లు, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకున్నవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది: "గేమ్ డిస్క్ కొంటే మంచిదా, స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటే మంచిదా?" దీనికి మనవాళ్ల దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, "డిస్క్ అయితే మన చేతిలో ఉంటుంది, ఎప్పటికీ మనదే." రెండోది, "డౌన్‌లోడ్ అయితే గీతలు పడవు, పోదు."

రెండూ సగం సగం నిజాలే. ఎందుకో అర్థం కావాలంటే గేమ్‌ని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చూసే కోణంలో ఒకసారి చూడాలి. మనం డబ్బు పెట్టి తెచ్చుకునే ప్రతి గేమ్‌లోనూ రెండు ముక్కలుంటాయి. మొదటిది ఫైళ్లు: బొమ్మలు, పాటలు, మ్యాపులు, ప్రోగ్రామ్. రెండోది అనుమతి: "ఈ మనిషి దీన్ని ఆడొచ్చు" అని చెప్పే తాళంచెవి. డిస్కా, డౌన్‌లోడా అన్నది ఫైళ్లు మన ఇంటికి ఏ దారిన వచ్చాయో మాత్రమే చెబుతుంది. గేమ్ పదేళ్ల తర్వాత కూడా ఓపెన్ అవుతుందా లేదా అన్నది ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు తేలిపోతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

2004 నవంబర్‌లో రెండు సంఘటనలు

ఈ కథలో మన రాష్ట్రం పేరు కూడా ఉందని చాలామందికి తెలియదు. షాపులో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద అమ్మకపు పన్ను వేయొచ్చా లేదా అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య ఏళ్ల తరబడి ఒక కేసు నడిచింది. సాఫ్ట్‌వేర్ అంటే కంటికి కనిపించని మేధో సంపత్తి, అది సరుకు ఎలా అవుతుందని కంపెనీ వాదన. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం ప్రకారం అది సరుకే అని ప్రభుత్వం వాదన. చివరికి 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆలోచన ఒక వస్తువు మీదికి ఎక్కాక, అది పుస్తకమైనా, పెయింటింగ్ అయినా, క్యాసెట్ అయినా, కంప్యూటర్ డిస్క్ అయినా, అది కొనడానికీ అమ్మడానికీ వీలైన సరుకే అని తేల్చింది.

అంటే ఆ రోజుల్లో ద్వారకానగర్ షాపులో ఒరిజినల్ గేమ్ డిస్క్ కొన్నవాడు చట్టం కళ్లలో ఒక సరుకు కొన్నట్టే.

సరిగ్గా 11 రోజుల తర్వాత, 2004 నవంబర్ 16న, అమెరికాలో వాల్వ్ కంపెనీ 'హాఫ్-లైఫ్ 2' రిలీజ్ చేసింది. షాపుల్లో బాక్సు, డిస్కులు అన్నీ దొరికాయి. కానీ బాక్సు కొన్నా సరే, ఇంటర్నెట్‌కి కనెక్ట్ చేసి స్టీమ్ అకౌంట్‌కి ఆ గేమ్‌ని జోడిస్తేనే ఆట మొదలవుతుంది. స్టీమ్ అంతకు ముందు ఏడాది, 2003 సెప్టెంబర్ 12న మొదలైంది. మొదటిరోజు సర్వర్ల మీద లోడు పెరిగి, చేతిలో డిస్క్ ఉన్నవాళ్లు కూడా ఆట తెరవలేక కూర్చున్నారు.

డిస్క్ సరుకే అని మన కోర్టు చెప్పిన నెలలోనే, ఆ సరుకు లోపలి తాళంచెవిని కంపెనీ తన సర్వర్‌కి మార్చేసుకుంది అన్నమాట. ఈ రోజు మనం పడుతున్న గొడవంతా అక్కడ మొదలైందే.

డిస్క్ లోపల అసలు ఏముంటుంది?

సీడీలో 700 ఎంబీ పడుతుంది. మామూలు డీవీడీలో 4.7 జీబీ, డబుల్ లేయర్ డీవీడీలో 8.5 జీబీ. గేమ్స్ సైజు పెరిగే కొద్దీ ఈ లెక్క కుదరలేదు. 2015 ఏప్రిల్‌లో పీసీకి వచ్చిన 'జీటీఏ 5' బాక్సులో 7 డీవీడీలు ఉండేవి. ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ కూర్చోవాలి. 2020లో 'మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్' యూరప్‌లో 10 డీవీడీల బాక్సుగా అమ్ముడుపోయింది.

ఇంకో రకం కూడా వచ్చింది. 2015 సెప్టెంబర్‌లో 'మెటల్ గేర్ సాలిడ్ 5' పీసీ డిస్క్ కొన్నవాళ్లు దాన్ని తెరిచి చూస్తే అందులో ఉన్నది కేవలం 8 ఎంబీ పైచిలుకు స్టీమ్ ఇన్‌స్టాలర్. గేమ్ మొత్తం నెట్ నుంచే దింపుకోవాలి. బాక్సు చూస్తే డిస్క్ కాపీ, నిజానికి డౌన్‌లోడ్ కాపీ. పీసీలో డిస్క్ యుగం దాదాపు అక్కడితో ముగిసింది. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ కూడా ఉండటం లేదు కదా.

కన్సోల్ లెక్క వేరు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వాడే డిస్క్‌లో 100 జీబీ వరకు పడుతుంది. డిస్క్ పెట్టగానే గేమ్ మొత్తం లోపలి ఎస్ఎస్‌డీలోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత ఆడేది ఎస్ఎస్‌డీ నుంచే. అయినా ప్రతిసారీ డిస్క్ పెట్టాలి, ఎందుకంటే అక్కడ డిస్కే తాళంచెవి. ఆ చెవి మీ చేతిలో ఉంది కాబట్టి తమ్ముడికి ఇవ్వొచ్చు, ఫ్రెండ్‌కి అమ్మొచ్చు. డిస్క్‌కి ఉన్న అసలు బలం ఇదే.

అక్కడా చిన్న మెలికలు వచ్చాయి. 2023 నవంబర్‌లో వచ్చిన స్లిమ్ పీఎస్5కి డిస్క్ డ్రైవ్ విడిగా బిగించుకోవచ్చు. కానీ ఆ డ్రైవ్‌ని కన్సోల్‌తో మొదటిసారి జత చేయడానికి ఇంటర్నెట్ కావాలి. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోలో డ్రైవ్ అసలు రాదు, కావాలంటే వేరే కొనుక్కోవాలి. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో 'గేమ్-కీ కార్డ్' అని కొత్త రకం మొదలైంది. కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. గేమ్ నెట్ నుంచి దింపుకుని, ఆడేటప్పుడు కార్డు పెట్టాలి. అమ్ముకోవచ్చు, అప్పివ్వొచ్చు. కానీ దింపుకునే సర్వర్ మూతపడిన రోజున ఆ కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క.

డౌన్‌లోడ్ లెక్క: మన ఊళ్ల నుంచి చూస్తే

"ఈ రోజుల్లో నెట్ ఎవరికి లేదు, డౌన్‌లోడే బెస్ట్" అనే సలహా ఎక్కువగా పెద్ద సిటీల్లో ఫైబర్ ఉన్నవాళ్ల నుంచి వస్తుంది. మాది ఆనందపురం వైపు. విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవే మీద పూల మార్కెట్ ఉన్న జంక్షన్ అంటే చాలామందికి గుర్తొస్తుంది. జంక్షన్ దగ్గర ఒక స్పీడు, మండలంలో లోపలి ఊళ్లో ఇంకో స్పీడు. అందుకే లెక్క వేసుకుని మాట్లాడుకోవడం మంచిది.

100 జీబీ గేమ్ అంటే 8 లక్షల మెగాబిట్లు. నెట్ ప్లాన్లలో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లు అని. కాబట్టి:

- 100 ఎంబీపీఎస్ ఫైబర్: సుమారు 2 గంటల 13 నిమిషాలు
- 40 ఎంబీపీఎస్: సుమారు 5 గంటల 33 నిమిషాలు
- 15 ఎంబీపీఎస్: సుమారు 14 గంటల 49 నిమిషాలు
- రోజుకి 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్: 50 రోజులు, అదీ వాట్సాప్ కూడా తెరవకుండా ఉంటే

2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోన్, 15 ఎంబీపీఎస్ వరకు నెట్ అన్నారు. అప్పటికి పల్లెల్లో అది పెద్ద విషయమే. కానీ పైన లెక్క చూస్తే ఆ స్పీడుకి ఈనాటి గేమ్ ఒక రాత్రంతా దిగి, పొద్దున టిఫిన్ వేళకి కూడా పూర్తి కాదు. స్పీడుతో పాటు నెలవారీ హద్దు కూడా చూసుకోవాలి. పేరుకి అన్‌లిమిటెడ్ అయినా చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకి 3300 జీబీ, వైర్ లేని ఎయిర్‌ఫైబర్ తరహా ప్లాన్లలో 1000 జీబీ దగ్గర స్పీడు తగ్గిపోతుంది. నాలుగు పెద్ద గేమ్స్, వాటి అప్‌డేట్లు, ఇంట్లో వాళ్ల ఓటీటీ కలిస్తే 1000 జీబీ అంత దూరమేం కాదు.

ఇక్కడ మా వైపు ఒక ఆశ కూడా వినిపిస్తోంది. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్, సముద్ర కేబుళ్ల కేంద్రం కడతామని ప్రకటించింది. అందుకు చెప్పిన స్థలాల్లో ఆనందపురం మండలంలోని తర్లువాడ ఒకటి. "ఇంక మన గేమ్స్ నిమిషాల్లో దిగిపోతాయి" అని కుర్రాళ్లు సంబరపడుతున్నారు. అంత తొందరేం వద్దు. గేమ్ డౌన్‌లోడ్ ఇప్పటికే అమెరికా నుంచి రావడం లేదు. స్టీమ్ లాంటి స్టోర్లకి చెన్నై, ముంబైలలోనే సర్వర్లున్నాయి. మన దగ్గర ఆలస్యమయ్యేది ఎక్కువగా చివరి మజిలీలో, అంటే లోకల్ ఆపరేటర్ స్తంభం నుంచి మీ ఇంటి రౌటర్ దాకా. పక్క ఊళ్లో డేటా సెంటర్ వచ్చినా ఆ వైరు మారకపోతే మీ స్పీడు మారదు.

నెట్ తక్కువున్నవాళ్లకి పనికొచ్చే చిట్కా ఒకటి. మీ స్టీమ్ గేమ్‌ని మళ్లీ మొత్తం దింపాల్సిన పనిలేదు. ఎంవీపీ కాలనీలో ఫైబర్ ఉన్న బావ దగ్గర అదే గేమ్ ఉంటే, అతని 'స్టీమ్‌యాప్స్' ఫోల్డర్ లోపల 'కామన్' అనే ఫోల్డర్‌లో ఆ గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ని హార్డ్ డిస్క్‌లో కాపీ చేసుకోండి. మీ కంప్యూటర్‌లో అదే చోట పెట్టి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. ఉన్న ఫైళ్లని గుర్తుపట్టి, తక్కువైనవి మాత్రమే దింపుతుంది. ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ ఒకే వైఫై మీద ఉంటే ఇంకా సులువు. 2023 ఫిబ్రవరి నుంచి స్టీమ్ ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి నేరుగా గేమ్ పంపుకునే సదుపాయం ఇచ్చింది. ఇది పైరసీ కాదు. ఫైళ్లు బావవి, తాళంచెవి మీ అకౌంట్‌ది. మీరు కొనకపోతే గేమ్ తెరుచుకోదు.

నెట్ పోయిన రోజు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. కరెంటు ముందు వచ్చి నెట్ తర్వాత వచ్చిన ఇళ్లు ఎన్నో. తీరంలో ఉన్నవాళ్లం కాబట్టి, నెట్ లేకుండా గేమ్ ఆడగలమా అన్నది మనకి ఊహాజనితమైన ప్రశ్న కాదు.

డౌన్‌లోడ్ గేమ్స్ కూడా నెట్ లేకుండా ఆడొచ్చు, ముందే సెట్ చేసుకుంటే. స్టీమ్‌లో ఒకసారి నెట్ ఉన్నప్పుడు లాగిన్ అయి, గేమ్‌ని ఒక్కసారైనా తెరిచి, అప్‌డేట్లు పూర్తి చేసి పెట్టుకోవాలి. అప్పుడే ఆఫ్‌లైన్ మోడ్ పనిచేస్తుంది. పీఎస్5లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. ఎక్స్‌బాక్స్‌లో ఆ కన్సోల్‌ని మీ 'హోమ్ ఎక్స్‌బాక్స్'గా పెట్టుకోవాలి. డెనువో లాంటి రక్షణ ఉన్న గేమ్స్ మొదటిసారి తెరవడానికి ఆన్‌లైన్ అనుమతి అడుగుతాయి. ఎప్పుడూ నెట్ ఉండాల్సిందే అనే గేమ్స్ అయితే ఆ రోజుల్లో ఆడలేం, డిస్క్ అయినా సరే.

డబ్బు లెక్క

కన్సోల్ మీద డిస్క్ గెలుస్తుంది, ఒక షరతు మీద: మీరు ఆడేశాక అమ్మేసే రకమైతే. పీఎస్5 మన దేశంలోకి వచ్చినప్పుడు సోనీ పెద్ద గేమ్స్ ధర 4999 రూపాయలు. డిస్క్ కొని, పూర్తి చేసి, నెల తర్వాత 3000కి అమ్మారనుకోండి. మీకు పడింది 1999. ఇద్దరు ఫ్రెండ్స్ చెరో గేమ్ కొని మార్చుకుంటే ఖర్చు సగం. స్టోర్‌లో డిజిటల్‌గా కొంటే ఈ దారి లేదు. అకౌంట్‌ని గానీ, అందులో గేమ్‌ని గానీ వేరేవాళ్లకి అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం వాల్వ్ మీద కేసు వేసి, స్టీమ్ గేమ్స్ కూడా తిరిగి అమ్ముకోవచ్చని 2019లో కింది కోర్టులో గెలిచింది. 2022లో పారిస్ అప్పీల్ కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది.

పీసీ మీద మాత్రం డౌన్‌లోడే చవక. 2015 నవంబర్ నుంచి స్టీమ్ ధరలు రూపాయల్లో ఉన్నాయి. ఏటా వేసవి, శీతాకాలం సేల్స్‌లో పాత గేమ్స్ బాగా తగ్గుతాయి. ఎపిక్ స్టోర్ అయితే ఫ్రీగా ఇస్తూ ఉంటుంది. 2020 మేలో, లాక్‌డౌన్ మధ్యలో 'జీటీఏ 5'ని వారం పాటు ఫ్రీగా పెడితే ఆ సైటే కాసేపు కుప్పకూలింది.

రిటర్న్ విషయంలో స్టోర్ స్టోర్‌కీ తేడా ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో కూడా 14 రోజులే, కానీ డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు పోతుంది. షాపులో కొన్న డిస్క్ అయితే సీలు తీశాక వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. మీ ల్యాప్‌టాప్‌లో గేమ్ సరిగా నడుస్తుందో లేదో అనుమానం ఉంటే స్టీమ్ 2 గంటల రూలే మీకు డెమో.

ఇంట్లో అన్నదమ్ములున్నారా? 2024 సెప్టెంబర్‌లో అందరికీ వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివాళ్లు 6 మంది దాకా చేరొచ్చు. మీరు ఒక గేమ్ ఆడుతుంటే, మీ లైబ్రరీలోని ఇంకో గేమ్‌ని చెల్లి అదే సమయంలో ఆడొచ్చు. గ్రూపు నుంచి బయటికొస్తే, పాత గ్రూపులో చేరిన రోజు నుంచి ఏడాది పూర్తయ్యేదాకా ఇంకో గ్రూపులో చేరలేరు. అందుకే ఫ్రెండ్స్‌తో ప్రయోగాలు చేయకండి.

కొన్న గేమ్ ఎలా పోతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గేమ్ పోవడానికి మూడు దారులున్నాయి. మూడూ మనకి తెలిసిన గేమ్స్‌లోనే జరిగాయి.

మొదటిది, గేమ్ ఉంటుంది గానీ మారిపోతుంది. 'జీటీఏ శాన్ ఆండ్రియాస్' రేడియోలో పాటల లైసెన్స్ గడువు అయిపోయింది. 2014 నవంబర్‌లో స్టీమ్ అప్‌డేట్ ఒకటి వచ్చి కొన్ని పాటల్ని తీసేసింది. 2018 ఏప్రిల్‌లో 'జీటీఏ 4'లోనూ అదే జరిగింది, ముందే కొన్నవాళ్లకి కూడా. 2021 అక్టోబర్‌లో పాత 'జీటీఏ 3', 'వైస్ సిటీ', 'శాన్ ఆండ్రియాస్' మూడింటినీ స్టీమ్‌లో అమ్మడం ఆపేశారు, వచ్చే నెలలో కొత్త డెఫినిటివ్ ఎడిషన్ వస్తోందని. అంతకు ముందు కొన్నవాళ్లు మాత్రం దింపుకోగలిగారు. అప్పట్లో డిస్క్ కొన్నవాళ్ల దగ్గర పాటలన్నీ అలాగే ఉన్నాయి. డిస్క్‌ని ఎవరూ దూరం నుంచి అప్‌డేట్ చేయలేరు కదా.

రెండోది, డిస్క్ ఉంటుంది గానీ తాళం తెరుచుకోదు. పాత పీసీ డిస్కుల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. అది విండోస్ లోపల లోతుగా దిగి పనిచేసే డ్రైవర్ మీద ఆధారపడుతుంది. ఆ డ్రైవర్‌తో భద్రతకి ప్రమాదమని 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని వదిలేసింది. గీత కూడా పడని ఒరిజినల్ డిస్క్ పెట్టినా గేమ్ తెరుచుకోదు. 'జీటీఏ 4' సంగతి ఇంకా చిత్రం. ఆ పీసీ గేమ్ 'గేమ్స్ ఫర్ విండోస్ లైవ్' అనే మైక్రోసాఫ్ట్ సర్వీసుకి ముడిపడి ఉండేది. మైక్రోసాఫ్ట్ ఆ సర్వీసుని వదిలేశాక, కొత్త కీలు తయారుచేయలేక 2020 జనవరిలో రాక్‌స్టార్ ఆ గేమ్‌నే స్టీమ్ నుంచి తీసేసింది. ఆ సర్వీసు లేకుండా కొత్త ఎడిషన్ మార్చిలో గానీ రాలేదు.

మూడోది అన్నింటికన్నా ఘోరం: మొత్తం పోతుంది. యూబీసాఫ్ట్ 2014 డిసెంబర్‌లో 'ది క్రూ' అనే కార్ రేసింగ్ గేమ్ తెచ్చింది. ఒంటరిగా ఆడినా నెట్ ఉండాలి, ఎందుకంటే గేమ్‌లో కొంత భాగం కంపెనీ సర్వర్‌లోనే నడుస్తుంది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డౌన్‌లోడ్ కొన్నవాళ్లకీ, డిస్క్ కొన్నవాళ్లకీ, అందరికీ ఒకే రోజున గేమ్ ఆగిపోయింది. తర్వాత కొందరి లైబ్రరీల నుంచి లైసెన్స్ కూడా తీసేశారు. షెల్ఫ్‌లో డిస్క్ ఉంది, ఆడటానికేమీ లేదు. "డిస్క్ అయితే ఎప్పటికీ మనదే" అనేవాళ్లు ఈ ఒక్క కేసు గుర్తుపెట్టుకుంటే చాలు.

దీనిమీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లు ఆపేటప్పుడు, కొన్నవాళ్లు ఆడుకునే స్థితిలో గేమ్‌ని వదిలి వెళ్లాలన్నది వాళ్ల డిమాండ్. యూరప్‌లో వాళ్లు పెట్టిన పౌర పిటిషన్ 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. అటు కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ స్టోర్ "కొనండి" అనే మాట వాడాలంటే, ఇది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి. అందుకే ఇప్పుడు స్టీమ్‌లో డబ్బు కట్టేముందు ఆ మాట కనిపిస్తుంది. ఈ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. శాశ్వతంగా దింపుకుని, నెట్ లేకుండా, అమ్మినవాడి ప్రమేయం లేకుండా వాడుకోగలిగే వాటికి ఈ హెచ్చరిక అక్కర్లేదు. అంటే ఆ చట్టం కూడా గీత గీసింది డిస్క్‌కీ డౌన్‌లోడ్‌కీ మధ్య కాదు. తాళం మీ దగ్గరుందా, వాళ్ల దగ్గరుందా అన్న చోట.

మన దగ్గర ఇలాంటి చట్టం ఇంకా లేదు. డిస్క్ సరుకు అని 2004లో మన రాష్ట్రం కేసులోనే తేలింది. విదేశీ స్టోర్ నుంచి దిగే గేమ్ మాత్రం జీఎస్టీ లెక్కలో సేవ. 18 శాతం పన్ను మాత్రం కడతాం, సరుకుకి ఉండే హక్కులు రావు.

డౌన్‌లోడ్ అయినా మీదే అయ్యే దారి

ఉంది. పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన జీఓజీ స్టోర్‌లో గేమ్స్‌కి డీఆర్ఎం అనే తాళం ఉండదు. కొన్న గేమ్ ఇన్‌స్టాలర్‌ని హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే, రేపు ఆ స్టోర్ మూతపడినా మీ కాపీ పనిచేస్తుంది. 'ది విచర్ 3', 'సైబర్‌పంక్ 2077' అక్కడ అలాగే దొరుకుతాయి. స్టీమ్‌లో కూడా స్టీమ్ తాళం వేయని గేమ్స్ కొన్ని ఉన్నాయి. ఏ గేమ్‌కి ఏ తాళం ఉందో పీసీ గేమింగ్ వికీ అనే సైట్‌లో గేమ్ పేరు కొడితే తెలుస్తుంది. కన్సోల్ డిస్కులు నెట్ లేకుండా, అప్‌డేట్ లేకుండా పూర్తిగా ఆడతాయా లేదా అని 'డజ్ ఇట్ ప్లే' అనే టీమ్ పరీక్షించి జాబితా పెడుతోంది. అయిదు వేలు పెట్టేముందు అయిదు నిమిషాలు ఇవి చూడటం దండగ కాదు.

మరి ఏది కొనాలి?

కొనేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. నెట్ పూర్తిగా ఆపేస్తే ఈ గేమ్ తెరుచుకుంటుందా?
2. కంపెనీ సర్వర్ ఆగిపోతే ఒంటరిగా ఆడే భాగమైనా మిగులుతుందా?
3. ఆడేశాక దీన్ని ఎవరికైనా ఇవ్వగలనా, అమ్మగలనా?
4. నా నెట్ ప్లాన్‌తో ఇది దిగడానికి ఎన్ని గంటలు, ఎన్ని జీబీ?

పీఎస్5 తీసుకునేవాళ్లు, ముఖ్యంగా నెలకి ఒక గేమ్‌కి మించి కొనలేని స్టూడెంట్స్, డిస్క్ డ్రైవ్ ఉన్న మోడలే తీసుకోండి. డిజిటల్ మోడల్‌లో మొదట మిగిలిన డబ్బు, పాత డిస్కులు కొనడం, అమ్మడం వల్ల రెండు మూడు గేమ్స్‌లోనే తిరిగొచ్చేస్తుంది. కథ ఉన్న సింగిల్ ప్లేయర్ గేమ్స్ డిస్క్ మీద కొనండి. అప్పుడప్పుడూ తిరిగే ఆన్‌లైన్ మ్యాచ్ గేమ్స్ డిజిటల్‌గా తీసుకున్నా నష్టం లేదు, ఎందుకంటే వాటి ప్రాణం ఎలాగూ సర్వర్‌లోనే ఉంది. వాటి మీద ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి.

పీసీ వాళ్లకి డిస్క్ అనే మాటే లేదు కాబట్టి, ఒకే గేమ్ రెండు స్టోర్లలో ఉంటే తాళం లేని చోట కొనండి. బాగా నచ్చిన గేమ్స్ ఇన్‌స్టాలర్లని ఒక 1 టీబీ హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. సముద్రం గాలికి డీవీడీలకి బూజు పట్టినట్టే హార్డ్ డిస్కులూ ఏదో ఒక రోజు పోతాయి, అందుకే రెండో కాపీ ఉంచండి. స్టీమ్‌లో కొనేవి సేల్‌లో కొనండి, అద్దె కట్టినట్టు అనుకుని కొనండి. అప్పుడు ధర ఎంతవరకు న్యాయమో మీకే అర్థమవుతుంది.

నెట్ తక్కువున్న ఊళ్లో ఉంటూ కన్సోల్ కొనేవాళ్లకి ఇంకో మాట. డిస్క్ కొన్నా మొదటిరోజు అప్‌డేట్ కొన్నిసార్లు పదుల జీబీ ఉంటుంది. రిలీజ్ రోజున పరుగెత్తకుండా ఆరు నెలలు ఆగి, అప్‌డేట్లన్నీ డిస్క్‌లోనే కలిపి తెచ్చే కంప్లీట్ ఎడిషన్ లాంటిది వస్తే అది తీసుకోండి. డబ్బూ మిగులుతుంది, డేటా మిగులుతుంది.